మామయ్యకు డ్రైవింగ్ రాదు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: వంటగదిలో అమ్మ. వసారాలో గోడకు చేరగిలబడి నాయనమ్మ. హాల్లో కుర్చీని ద్వారానికి ఎదురుగా తిప్పుకొని కూర్చున్న మామయ్య. ఆయన ముందు, సోఫా అంచున కూర్చుని మాట ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్న సినిమా డైరెక్టరు. అతని పక్కన, మామయ్య ఎలా కూర్చుంటే తనూ అలాగే కూర్చోవాలని చూస్తున్న హీరో. తలుపు వెనక నేను. నాన్న జైల్లో ఉన్నాడు. ఇంటి లెక్కలో ఆయన్ని కలుపుకునేది నాయనమ్మా నేనూ మాత్రమే.

"మా సినిమాలో హీరో పోలీసాఫీసరు సార్," అన్నాడు డైరెక్టరు. "ఒక కేసు తర్వాత ఆయనకు నిద్ర పట్టదు. లోపల ఏదో పురుగు తొలుస్తూ ఉంటుంది. మీ గురించి విన్నాం."

"నాకు నిద్ర పట్టదని ఎవరు చెప్పారు?"

"డిపార్ట్‌మెంటులో అందరూ… గౌరవంగానే చెప్పారు సార్."

వసారాలోంచి నాయనమ్మ గొంతు వినబడింది. "నిద్ర పట్టనివాళ్లంతా మంచివాళ్లయితే, దోమలకు పుణ్యలోకాలే!"

హీరో ఫక్కున నవ్వబోయి మామయ్య ముఖం చూసి ఆగిపోయాడు.

మామయ్య ఇన్‌స్పెక్టరు. ఆ వేసవికి డాక్టరు సలహా మీద సెలవులో ఉన్నాడు. పగలంతా ద్వారం వైపు చూస్తూ కూర్చునేవాడు. గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడేవాడు. కిటికీ గొళ్లేలు పెట్టి, మళ్లీ పోయి పెట్టాయో లేదో చూసుకునేవాడు. అందరూ ఆయన్ని చూసి అయ్యో పాపం అనేవాళ్లు. సొంత చెల్లెలి మొగుడు చేసిన పాపానికి మనసు విరిగిపోయిన మనిషని వాళ్ల లెక్క.

నాన్న ఆయన జీపుకు డ్రైవరు. దొంగతనం కేసులో పట్టుకొచ్చిన ఒక కుర్రాణ్ని చేతులు వెనక్కి కట్టేసి స్టేషను వెనక పెరట్లో నిలబెట్టి ఉండగా, వెనక్కి వచ్చిన జీపు కింద పడి వాడు చచ్చిపోయాడు. అప్పుడు పెరట్లో ఉన్నవాళ్లు మామయ్య, నాన్న ఇద్దరే. తాను పంపు దగ్గర బకెట్టు నింపుతున్నానని, బండిలో ఉన్నది బావగారని నాన్న చెప్పాడు. మామయ్య బోనెక్కి ఒక్కటే మాటన్నాడు. "నాకు డ్రైవింగ్ రాదు."

ఆ మాట అందరూ నమ్మారు. చిన్నప్పుడు స్కూటరు మీంచి పడి తల పగిలిన దగ్గర్నుంచీ ఆయన సైకిలు కూడా ఎక్కలేదు. అమ్మను బోనెక్కించి అడిగితే అమ్మ కూడా తనకు తెలిసిందే చెప్పింది. "మా అన్నయ్యకు బండంటే భయమండీ." నాన్న వెనక నుంచి అరిచాడు. "నేనే నేర్పానే! పొద్దున్నే మైదానానికి తీసుకెళ్లి నేనే నేర్పాను. పరువు తక్కువని ఎవరికీ చెప్పొద్దన్నారు బావగారు!" చూసినవాళ్లెవరని జడ్జి అడిగాడు. ఎవరూ లేరు.

ఆ తర్వాత మా ఊరు వదిలి మామయ్య ఇంటికి వచ్చి పడ్డాం. ఆయన పెట్టిందే తిన్నాం, ఆయన కట్టిన ఫీజుతోనే చదివాను. నాయనమ్మ ప్రతి ముద్దకూ ముందు పళ్లు నూరేది. అమ్మ మాత్రం నాన్నను చూడటానికి పోలేదు. అడిగితే, "అబద్ధం చెప్పి మా అన్నను కూడా లాగబోయిన మనిషి," అనేది. అనేసి స్టవ్వు తుడవడం మొదలుపెట్టేది. అప్పటికే తుడిచి ఉన్నా సరే.

*

సినిమావాళ్లు వారానికి ఒకసారి వస్తారనుకున్నాం. రోజూ రాసాగారు. మామయ్యకు మొదట విసుగు, తర్వాత అలవాటు, ఆ తర్వాత అదే లోకం.

హీరో మామయ్య నడక నేర్చుకోవాలి, కూర్చునే తీరు నేర్చుకోవాలి, ఎదుటివాణ్ని మాట లేకుండా బెదిరించే చూపు నేర్చుకోవాలి. పాపం, ఎంత చేసినా పెళ్లికి ఫొటో దిగుతున్న వాడిలా ఉండేవాడు. మామయ్య కాసేపు పంటి బిగువున చూసేవాడు. ఇక ఆగలేక లేచేవాడు.

"అది కాదయ్యా! బెల్టు పట్టుకుంటే ప్యాంటు జారిపోతుందని పట్టుకున్నట్టుంది. ఇలా!"

ఆయన చేసి చూపిస్తే హాలంతా చల్లబడ్డట్టుండేది. హీరో ప్రాక్టీసు చేసిందంతా ఒక కుర్రవాడు కెమెరాలో పట్టేవాడు. తర్వాత కూర్చుని చూసుకునేవాళ్లు.

డైలాగులు అందించే అసిస్టెంటుకు జ్వరం వచ్చింది. మా ఊరి బళ్లో పాఠం పైకి చదివించేవాళ్లు కాబట్టి చదవడం నాకు బాగా వచ్చు. డైరెక్టరు కాగితాలు నా చేతిలో పెట్టాడు. సిగ్గుతో నేను గొణుగుతుంటే హీరో చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు చెబుతున్నావా, గోడలో బల్లి చెబుతోందా?"

అప్పట్నుంచీ నా పేరు 'మైకు'. "మైకూ, ఒక గ్లాసు నీళ్లు." "మైకు మూగబోయింది, ఎవరైనా వైరు చూడండ్రా." నాకు నవ్వొచ్చేది గానీ తలెత్తి నవ్వేదాన్ని కాదు.

ఒకరోజు డైరెక్టరు ఆ కేసు గురించి అడిగాడు. నేను టీ పట్టుకొచ్చాను.

"వద్దులెండి," అన్నాడు మామయ్య. అని, చెప్పాడు. ఎంత బాగా చెప్పాడనుకున్నారు! కుర్రాడి ముఖం, పెరటి గోడ మీద సాయంత్రపు ఎండ, నాన్న కళ్లలో కోపం. "నా డ్రైవరు. నా చెల్లెలి మొగుడు. నేను అరిచేలోపే అయిపోయింది. కాపాడలేకపోయాను," అని కళ్లు ఒత్తుకున్నాడు. హీరో కళ్లు కూడా తడిశాయి. డైరెక్టరు, "అబ్బా సార్," అన్నాడు.

నా చేతిలో కప్పులు గలగలమన్నాయి. అప్పటికి టీ చల్లారిపోవడం మామయ్య అదృష్టం.

"చూసి పట్టుకో అమ్మాయ్," అన్నాడు నాతో, ముక్కు తుడుచుకుంటూ. "తండ్రి చెయ్యే వచ్చినట్టుంది."

ఆ మాటను వారం రోజులు నమిలాను. ఆయనకు తలనొప్పి రావాలని, మెట్ల మీంచి పడాలని, నిద్ర ఇంకా పోవాలని కోరుకున్నాను. డైరీలో రాస్తే కలం గుచ్చుకుని పేజీ చిరిగేది. పగ పెంచుకోవడానికి పెద్ద గొంతు అవసరం లేదని నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

*

కథ మార్చింది డైరెక్టరే. అతనికి ఏమీ తెలియదు. సినిమా బాగుండాలన్నదొక్కటే అతని గోల.

"ఆలోచించాను సార్. డ్రైవరు తొక్కిస్తే సినిమా ఏముంది? తొక్కించింది పోలీసే. ఎవరికీ తెలియదు. అందుకే ఆయనకు నిద్ర పట్టదు!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మామయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. "ఏం మాటలవి? పోలీసాఫీసర్లు బండ్లు నడపరు. వాళ్లకు డ్రైవర్లుంటారు."

"కథే కదా సార్."

"కథకైనా ఓ పద్ధతుండాలి!"

వసారాలో నాయనమ్మ నన్ను నీళ్లు అడిగింది. గ్లాసు అందిస్తుంటే నా మోచెయ్యి గట్టిగా గిల్లి పట్టుకుంది. "విన్నావా? ఎంత ఉలుకో!" అంది, పెదవులు కదలకుండా.

మామయ్య ఆ తర్వాత కొన్నాళ్లు పైగదిలోంచి దిగలేదు. అమ్మ పళ్లెం పైకి తీసుకెళ్లేది. కానీ కింద తనలా నడుస్తూ, తనలా ఉరుముతూ ఇంకొకడు తిరుగుతుంటే పైన కూర్చోవడం ఎవరి తరం? ఒక ఉదయం మెట్లు దిగి వచ్చి, ఏమీ జరగనట్టు తన కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికి ఇంటి ముందు ఖాళీ స్థలంలోకి జీపు వచ్చింది. నాన్న నడిపినలాంటిదే, పాతది. దాన్ని చూసి నాయనమ్మ ముఖం గోడకు తిప్పుకుంది. హీరోకు తన కారు తప్ప మరేదీ నడపడం రాదు. ఆ జీపుకు వెనక గేరు పడాలంటే గేరు కర్రను కిందికి నొక్కి, పక్కకు లాగి, ముందుకు తొయ్యాలి. పాపం, అతను లాగినప్పుడల్లా అది పందిని పొడిచినట్టు అరిచేది. ఓసారి ముందుకు దూకి పూలకుండీ పగలగొట్టింది.

మామయ్య కుర్చీ వసారాలో వేయించుకుని చూస్తున్నాడు. నేను ఆయన వెనక టీ పళ్లెంతో నిలబడ్డాను. గేరు గర్రుమంది. మామయ్య ఎడమ కాలు నేలను నొక్కింది. మళ్లీ గర్రుమంది. మళ్లీ నొక్కింది.

నాన్న పక్క సీట్లో కూర్చుని పెరిగినదాన్ని నేను. క్లచ్చు ఎప్పుడు తొక్కాలో కాలికి తెలియాలంటే ఆ కాలు ఎప్పుడో తొక్కి ఉండాలి. స్కూటరంటే భయపడే మనిషి కాలు అలా కదలదు.

పళ్లెం లోపల పెట్టి నాయనమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. ఆమె నన్ను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"కాలు నేలను నొక్కితే ఎవరు నమ్ముతారే? బండిలో కూర్చోవాలి. అందరూ చూడాలి." కాస్త ఆగి, "అన్నిటికంటే ముందు మీ అమ్మ చూడాలి," అంది.

*

మర్నాడు హీరో ఒక్కడే జీపు నీడన కూర్చుని అరచేతిలోని బొబ్బలు చూసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లాను.

"హీరోగారూ."

"ఓయబ్బో! మైకు దానంతటదే మోగింది!"

"మామయ్య నడిపి చూపిస్తే మీకు వెంటనే వస్తుంది."

"ఆయనకు రాదటగా?"

"వచ్చు. అడిగితే చూపించరు. మీరు తప్పుగా చేసినా ఈ ఒక్కటి మాత్రం లేచి చూపించరు. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడాలి. అప్పుడు ఆగలేరు."

"ఏమని?"

చెప్పాను. డైలాగు అందించినట్టే, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అతను పెదాలతో అనుకుని చూసుకున్నాడు.

"ఇది స్క్రిప్టులో లేదే?"

"నేను రాశాను."

"రచయిత్రివి కూడానా! నాకు ఉద్యోగం ఉంచేట్టు లేవే." నవ్వి, నా వైపు కాస్త పరీక్షగా చూశాడు. "ఇదంతా నా డ్రైవింగు కోసమేనా?"

"అవును," అన్నాను. సిగ్గరి అబద్ధం ఎవరూ పట్టుకోలేరు. తల ఎలాగూ వంచే ఉంటుంది.

మిగిలింది అమ్మ. అమ్మ వంటగది దాటి బయటికి రాదు. బయటివాళ్లకు టీ నేనే ఇస్తాను. చెయ్యి నొప్పంటే చెయ్యి పట్టుకుని చూస్తుంది, అబద్ధమైతే తెలిసిపోతుంది. అందుకని ఆ సాయంత్రం, టీ గిన్నె దించుతున్నట్టు నటించి అరచెయ్యి దానికి ఆనించాను. అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆనించాను. అమ్మ పరుగున వచ్చి చెయ్యి నీళ్లలో ముంచింది.

"ఏ లోకంలో ఉంటావే? కళ్లు నెత్తికెక్కాయా? పో, కూర్చో. టీ నేనే ఇస్తాలే."

నేను నాయనమ్మ పక్కన పోయి కూర్చున్నాను. ఆమె నా చెయ్యి చూసింది. ఏమీ అడక్కుండా తన ఒళ్లో పెట్టుకుంది.

జీపు వెనక, పాత గుడ్డలు కుక్కిన గోతాన్ని మనిషిలా నిలబెట్టారు. దానికి తొడిగిన చొక్కా చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. డైరెక్టరు కెమెరా కుర్రవాడికి సైగ చేశాడు. హీరో గేరు లాగాడు. జీపు అరిచి, ఊగి, ఆగిపోయింది. మళ్లీ లాగాడు. మళ్లీ ఆగిపోయింది. మామయ్య కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"తల వెనక్కి తిప్పు!" అన్నాడు.

హీరో తిప్పలేదు. స్టీరింగు వదిలేసి ఆవలించినట్టు చేతులు చాచాడు. తర్వాత, డైరెక్టరుతో అన్నట్టు, వీధికంతా వినబడేలా అన్నాడు.

"ఈ మూల ఊరికే ఒక పోలీసుని కూర్చోబెట్టారు సార్. కూర్చుని అరవడమే వీళ్లకు తెలుసు. బండి నడపడానికి దమ్ముండాలి. ఆ జైల్లో ఉన్న డ్రైవరునే పిలిపిద్దాం. ఎంతైనా వాడు మొనగాడు."

నేను చెప్పినదాని కంటే బాగా చెప్పాడు. 'మొనగాడు' అతను కలిపిందే.

మామయ్య లేచాడు. లేవడం నేను చూశాను గానీ జీపు దాకా ఎలా వెళ్లాడో చూడలేదు. అప్పుడే అమ్మ కప్పులతో గుమ్మం దాటి వస్తోంది. నేను అమ్మనే చూస్తున్నాను.

"దిగు," అన్నాడు మామయ్య.

హీరో దిగాడు. మామయ్య ఎక్కి తలుపు లాక్కున్నాడు. ఎడమ చెయ్యి గేరు మీదికి, కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి. ఆ బయటి చెయ్యి జీపు తలుపును అరచేత్తో రెండుసార్లు చరిచింది. టప్, టప్.

నాన్న చేసేది అది. బండి వెనక్కి తీసే ముందు ఎప్పుడూ చరిచేవాడు, వెనక పిల్లలుంటే తప్పుకోవాలని. మా ఊరి సందులో ఆ చప్పుడు వింటే మేమంతా నవ్వుతూ గోడలకు అతుక్కుపోయేవాళ్లం. బియ్యం ఏరుతూ అమ్మ లోపల్నుంచే, "వచ్చాడు మహానుభావుడు," అనేది. ఇంకో డ్రైవరు అలా చరచడం నేను చూడలేదు.

గేరు చప్పుడు లేకుండా పడింది. జీపు నూనె పోసినట్టు వెనక్కి జారి, గోతాన్ని పడేసి, మీదెక్కి, ఆగింది.

డైరెక్టరు, "అద్భుతం సార్! పట్టావా, పట్టావా?" అని కెమెరా కుర్రవాణ్ని కుదిపేశాడు. పట్టానన్నాడు వాడు.

మామయ్య దిగాడు. ముఖం వెలిగిపోతోంది. నిద్ర లేని మనిషిలా లేడు అసలు. "చూశావా? ఇదీ!" అని హీరోతో అంటూ ఇటు తిరిగాడు. గుమ్మంలో అమ్మ కనబడింది. ఆ వెలుగు దీపం ఊదినట్టు పోయింది.

అమ్మ చేతిలో కప్పులు కదల్లేదు. మెట్టు దిగి, ఒక కప్పు తీసి ఆయనకు అందించింది.

"టీ చల్లారిపోతోంది అన్నయ్యా," అంది.

ఆయన కప్పు అందుకోలేదు. మమ్మల్ని దాటుకుని, మెట్లెక్కి పైగదికి పోయాడు.

నాయనమ్మ లేచింది. ఆ వేసవంతా గోడ ఆసరా లేకుండా లేవలేని మనిషి, తిన్నగా కెమెరా దగ్గరికి నడిచి చెయ్యి చాచింది.

"ఆ బొమ్మ ఇటివ్వు నాయనా."

"అది మా సినిమాదండీ బామ్మగారూ," అన్నాడు డైరెక్టరు. "మీకెందుకు?"

"నా కొడుకు వకీలుకు. మీ ఇన్‌స్పెక్టరుగారికి డ్రైవింగ్ రాదని నా కొడుకును లోపలేశారు."

డైరెక్టరు నోరు తెరిచాడు. జీపు వైపు చూశాడు, గోతం వైపు చూశాడు, మేడ మెట్ల వైపు చూశాడు. మూయలేదు. హీరోయే కెమెరాలోంచి కార్డు తీసి నాయనమ్మ అరచేతిలో పెట్టాడు. ఆమె పిడికిలి మూసింది. ఆ పిడికిలి విప్పించడానికి పోలీసు బలగం దిగినా చాలదు.

"మైకూ," అన్నాడు హీరో. నవ్వడం లేదు. "నా చేత ఏం చేయించావమ్మా నువ్వు?"

"మీరు బాగా చేశారు," అన్నాను. మొదటిసారి అతని ముఖంలోకి చూసి అన్నాను.

అమ్మ కప్పులన్నీ వసారా గట్టు మీద పెట్టింది. పైకి బయల్దేరింది. చేతిలో పళ్లెం లేకుండా ఆమె ఆ మెట్లెక్కడం అదే మొదలు. నేను వెనకే పరుగెత్తాను. చెయ్యి మండిపోతోంది, అయినా పట్టించుకోలేదు. ఆయన ముఖం చూడాలి. 'తండ్రి చెయ్యే వచ్చింది' అన్న ఆ నోరు ఎలా వణుకుతుందో చూడాలి. నెలల తరబడి నేను ఆకలితో ఉన్నది దానికే.

పైగది తలుపు తీసే ఉంది. మామయ్య మంచం మీద కూర్చుని, కిటికీ గొళ్లెం వైపు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి, "చెల్లీ, సినిమా కోసం…" అన్నాడు.

అమ్మ గడప మీద ఆగింది.

"అన్నయ్యా," అంది, మామూలు గొంతుతోనే. "ఆ రోజు కూడా అలాగే చరిచావా? చేతులు కట్టేసినవాడు ఎటు తప్పుకుంటాడనుకున్నావ్?"

ఆయన తల ఎత్తుతున్నాడు. నేను అమ్మ భుజం మీంచి చూడబోయాను. అమ్మ వెనక్కి తిరిగింది. నా కాలిన చెయ్యి చూసింది, నా కళ్లలోకి చూసింది. అంతా అర్థమైందని నాకు అర్థమైంది.

"నువ్వు కిందికి పో."

"అమ్మా, నేనూ చూడాలి."

"నువ్వు చూసింది చాలు," అంది. "సాక్ష్యం చెప్పింది నేను."

నన్ను గడప బయటికి మెల్లగా నెట్టి, అమ్మ తలుపు వేసుకుంది.